మైకు గుంయ్‌మంటే ముందు వినండి

బందరు నుంచి గుడివాడ దాకా, అటు అవనిగడ్డ దాటి నాగాయలంక దాకా మైకు సెట్టు లేని వేడుక లేదు. హరికథ, పద్యనాటకం, చవితి పందిరి, క్రిస్మస్ కూటం, పెళ్లి, దినం, అన్నిటికీ అదే కావాలి. సెట్టు పెట్టి స్విచ్చి వెయ్యగానే బాక్సులోంచి ‘గుంయ్’మని వస్తుంది. మేం దాన్ని హమ్ము అంటాం. వాల్వు సెట్ల కాలం నుంచి ఇప్పటి మిక్సర్ల దాకా నా బల్ల మీదికి వచ్చిన ఫిర్యాదుల్లో దీనిదే పెద్ద వాటా. ఈ పని నేర్చుకుంటున్న కుర్రాళ్ల కోసం, సెట్టు అద్దెకు తెచ్చుకునే కమిటీల వాళ్ల కోసం నాకు తెలిసినవి రాస్తున్నాను. హమ్ము పోగొట్టడం ఒక ఎత్తు, ఎవరి ప్రాణం మీదికీ రాకుండా పోగొట్టడం ఇంకో ఎత్తు. నా పట్టుదలంతా ఆ రెండోదాని గురించే.

1. ముందు వాల్యూమ్ సున్నాకు తిప్పండి.

సోల్డరింగ్ ఐరన్ వేడెక్కేలోపే సగం సంగతి తేలిపోవాలి. మాస్టర్ వాల్యూమ్ పూర్తిగా తగ్గించి బాక్సు దగ్గర చెవి పెట్టండి. హమ్ము అలాగే ఉంటే అది వాల్యూమ్ కంట్రోల్ దాటాక పుడుతోంది. అంటే పవర్ సప్లై, లేదా ఔట్‌పుట్ వైపు. వాల్యూమ్‌తో పాటే తగ్గిపోతే అంతకు ముందు ఎక్కడో ఉంది. మైకు కావచ్చు, కేబుల్ కావచ్చు, ముందు దశ ప్రీఆంప్లిఫయర్ కావచ్చు, ఎవరో తెచ్చి గుచ్చిన ల్యాప్‌టాప్ కావచ్చు. ఇప్పుడు ఒక్కొక్క జాక్ పీకుతూ రండి. ఏది పీకితే ఆగిందో దాని వెంట పొండి.

ఇంతే పరీక్ష. ఇది చెయ్యకుండా పెట్టె విప్పేసి, ఉన్న కండెన్సర్లన్నీ మార్చేసి, తెగిన మైకు వైరు మాత్రం అలాగే వదిలేసిన రిపేర్లు చాలా చూశాను. సెట్టు యజమాని డబ్బూ పోయింది, హమ్మూ పోలేదు.

2. ఏ హమ్మో చెవితో పట్టండి.

మన కరెంటు 230 వోల్టులు, సెకనుకు 50 ఆవృత్తులు. షీల్డు ఊడిన మైకు లైన్లోకి ఆ కరెంటు చొరబడితే 50 హెర్ట్జ్ హమ్ము వస్తుంది. అది మెత్తగా, బరువుగా, గుండెల మీద ఆనినట్టు ఉంటుంది. సెట్టు లోపల డయోడ్ బ్రిడ్జి అలలోని రెండు సగాలనూ ఒకే వైపుకి తిప్పుతుంది. అందుకని ఫిల్టర్ కండెన్సర్ పోతే వినిపించేది 100 హెర్ట్జ్. అంతకంటే ఒక స్థాయి పైన, కాస్త గరగరగా ఉంటుంది. బ్రిడ్జిలో ఒక డయోడ్ ఓపెన్ అయితే మళ్లీ 50కి దిగుతుంది. వీటన్నిటి పైన సన్నగా గీరినట్టు ‘జుయ్’మని వస్తుంటే అది సెట్టుది కాదు. పందిరి దీపాల డిమ్మరో, ఫ్యాన్ రెగ్యులేటరో చూడండి.

పాట వచ్చిన చెవికి ఇది ఇంకా తేలిక. 100 హెర్ట్జ్ అనేది హార్మోనియంలో అయిదు శ్రుతి మంద్ర షడ్జానికి ఇంచుమించు పక్కనే, కొంచెం హెచ్చుగా పడుతుంది. ఆ శ్రుతిలో పాడే గాయని వేదిక మీద ఉన్నప్పుడు హమ్ము శ్రుతితో కలవక, విడిపోక అలలు అలలుగా ఊగుతుంది. పాడేవాళ్లకు ఆ బాధ చెప్పనలవి కాదు. ఘంటసాల పుట్టిన చౌటపల్లి గుడివాడకు దగ్గర్లోనే ఉంది. పద్యం చివర రాగం ఎంతసేపు నిలిచిందో ఊపిరి బిగబట్టి వినే జనం మనవాళ్లు. ఆ నిశ్శబ్దంలో హమ్ము వినపడనిస్తే మన పని మనం చెయ్యనట్టే.

3. హారన్ హమ్మును దాస్తుంది.

గుడి మీదా, స్తంభాల మీదా కట్టే రిఫ్లెక్స్ హారన్ కింది స్వరాలు పలకదు. మాట దూరం పోవడానికి చేసిన వస్తువది. అందుకే ఏళ్ల తరబడి హారన్ల మీద నడిచి ‘బంగారం లాంటి సెట్టు’ అనిపించుకున్నది, 15 అంగుళాల బాక్సు తగిలించగానే గుంయ్‌మంటుంది. బాక్సు అమ్మినవాడి మీదికి పోవద్దు, ఆ హమ్ము అంతకు ముందు నుంచీ ఉన్నదే. పైగా చెవికి వినపడకపోయినా అది హారన్ యూనిట్ లోపలి డయాఫ్రమ్‌ను ఊపుతూనే ఉంటుంది. యూనిట్లు తరచూ కాలిపోతున్నాయంటే ఒకసారి ఇటు కూడా చూడాలి. బల్ల మీద సెట్టు పరీక్షించేటప్పుడు హారన్ వాడొద్దు. 12 అంగుళాల స్పీకర్ ఒకటి పెట్టుకోండి.

4. ఫిల్టర్ కండెన్సర్ ఎండిపోతుంది. ఎండబెట్టేది మనమే.

ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్ లోపల తడి ఉంటుంది. ఆ తడి ఉన్నంతకాలమే దాని ఆయుష్షు. వేడికి ఆ తడి ఆరిపోతుంది, కెపాసిటీ పడిపోతుంది, లోపలి నిరోధం పెరుగుతుంది, ఫిల్టర్ చెయ్యలేక హమ్ము వదిలేస్తుంది. మే నెలలో రేకుల షెడ్డు కింద సెట్టు పెట్టి, దుమ్ము పడుతుందని పైన తువ్వాలు కప్పి, రాత్రంతా నడిపితే ఏ కండెన్సర్ మాత్రం నిలుస్తుంది? సెట్టు పైనున్న చిల్లులు గాలి ఆడటానికే ఉన్నాయి. వాటి మీద తాంబూలం పళ్లెం కూడా పెట్టనివ్వొద్దు.

చూడటం నేర్చుకోండి. మంచి కండెన్సర్ నెత్తి చదునుగా ఉంటుంది. పోయినదాని నెత్తి ఉబ్బుతుంది, లేదా అడుగున గోధుమరంగు జిగురు కారుతుంది. కదలకుండా కంపెనీలో పోసిన పసుపుపచ్చ బంక ఏళ్లు గడిచి నల్లబడిందంటే అదీ గీకెయ్యాలి. పాతబడ్డ ఆ బంక కరెంటు లీకు చేస్తుంది, పక్కనున్న కాళ్లను తినేస్తుంది. పైకి బాగున్నంత మాత్రాన లోపల బాగున్నట్టు కాదు. అనుమానం ఉంటే అదే విలువ కొత్త కండెన్సర్ తెచ్చి, పాతది తీసేసి పెట్టి చూడటమే నమ్మకమైన పరీక్ష.

కొత్తది వేసేటప్పుడు వోల్టేజీ రేటింగ్ పాతదానికి సమానంగానో ఎక్కువగానో ఉండాలి. ప్లస్, మైనస్ తిరగబడితే పేలుతుంది. ఎక్కువ మైక్రోఫ్యారడ్లు వేస్తే హమ్ము ఇంకా తగ్గుతుందని ఆశపడొద్దు. ట్రాన్సిస్టర్ సెట్టులో కొంత పెంచితే చెల్లుతుంది. వాల్వు రెక్టిఫయర్ ఉన్న సెట్టులో చెల్లదు. జీజెడ్34 వాల్వు తర్వాత వచ్చే మొదటి కండెన్సర్ 60 మైక్రోఫ్యారడ్లు దాటకూడదు. దాటితే స్విచ్చి వేసిన ప్రతిసారీ ఆ వాల్వు మీద దెబ్బ పడుతుంది.

ఇంకో మాట. వాల్వు సెట్టులో 400 వోల్టుల దాకా డీసీ ఉంటుంది. ప్లగ్గు పీకినా కండెన్సర్లో అది నిలిచే ఉంటుంది. 10 కె, 10 వాట్ల రెసిస్టర్‌కి పొడుగు వైర్లు అతికించి, పైన స్లీవ్ వేసి పెట్టుకోండి. దాన్ని కండెన్సర్ కాళ్ల మధ్య కొన్ని సెకన్లు ఆనించి, మీటర్‌తో సున్నా చూశాకే చెయ్యి పెట్టాలి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి ఫట్‌మనిపించడం ధైర్యం కాదు. ఏళ్లుగా అటక మీదున్న సెట్టుకు నేరుగా కరెంటు ఇవ్వొద్దు, సీరీస్ బల్బు పెట్టి ఇవ్వండి. లోపల షార్ట్ ఉంటే బల్బు వెలుగుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ దక్కుతుంది.

5. వాల్వు సెట్లు ఇప్పుడు కొద్దిమంది దగ్గరే ఉన్నాయి కాబట్టి క్లుప్తంగా.

మొదటి వాల్వు ఈసీసీ83 లోపల హీటర్ లీకైతే హమ్ము వస్తుంది. వాల్వు మార్చి చూడటమే మందు. ఔట్‌పుట్‌లో జంటగా ఉండే ఈఎల్34ల్లో ఒకటి నీరసించినా హమ్ము పెరుగుతుంది, ఎందుకంటే రెండూ సమంగా ఉన్నప్పుడే హమ్మును ఒకదానికొకటి కొట్టేసుకుంటాయి. స్పీకర్ తగిలించకుండా వాల్వు సెట్టు నడపొద్దు, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. శబ్దం స్పీకర్లోంచి కాకుండా పెట్టెలోంచే వస్తుంటే అది ట్రాన్స్‌ఫార్మర్ రేకుల అదురు. బోల్టులు బిగించండి.

6. మైకు వైరు కొసను నమ్మకండి.

మొవ్వ వైపు ఒక ఊళ్లో హరికథ. సెట్టు పెట్టినప్పుడు నిశ్శబ్దంగానే ఉంది. దాసుగారు చిడతలు పట్టి అడుగు వెయ్యగానే గుంయ్‌మంది. ఆయన ఆగితే అదీ ఆగింది. మళ్లీ అడుగు, మళ్లీ హమ్ము. వేదిక చెక్కలు అదిరినప్పుడల్లా వైరు కదులుతోందని తెలిసిపోయింది. ప్లగ్గు మూత విప్పి చూస్తే లోపలి తీగ బాగానే అతుక్కుని ఉంది. చుట్టూ ఉండాల్సిన జల్లెడ తీగ మాత్రం నల్లబడి, అంతా తెగి, ఒక్క పోగు మీద వేలాడుతోంది. ఆ పోగు తగిలినంతసేపు షీల్డు ఉన్నట్టు, తగలనప్పుడు లేనట్టు.

అలాంటప్పుడు నల్లబడ్డ రాగి మీద లెడ్డు పొయ్యాలని చూడకండి, పట్టదు. మెరిసే రాగి కనపడేదాకా వైరు కొయ్యండి, అవసరమైతే అరచెయ్యి పొడుగు పోనివ్వండి. జల్లెడ తీగను మెలేసి, ముందు దానికి లెడ్డు పట్టించి, తర్వాత ప్లగ్గుకు అతికించండి. ప్లగ్గు లోపలి క్లాంపు పై తొడుగును గట్టిగా పట్టుకోవాలి. వైరు లాగితే బరువు క్లాంపు మీద పడాలి తప్ప లెడ్డు మీద పడకూడదు.

మైకు వైరునూ కరెంటు వైరునూ కలిపి ఒకే కట్టగా పందిరి రాటకు చుట్టొద్దు. రెండూ పక్కపక్కన ఎంత దూరం నడిస్తే అంత హమ్ము. దాటక తప్పకపోతే అడ్డంగా దాటించండి. దూరం మైకులకు మూడు పిన్నుల బ్యాలెన్స్‌డ్ లైనే వాడండి. అందులో రెండు తీగల మీదా హమ్ము సమంగా పడి, సెట్టు లోపల కొట్టుకుపోతుంది.

7. మన గాలిలో ఉప్పుంది.

మంగినపూడి, కోడూరు, హంసలదీవి వైపు సెట్లు తిప్పేవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. అక్కడ కొత్త జాక్ అయినా ఏడాది తిరక్కుండానే పచ్చగా చిలుము పడుతుంది. లోపలి నుంచి షీల్డు కాంటాక్టు పోతుంది, హమ్ము మొదలవుతుంది. తిప్పి తిప్పి గుచ్చితే కాసేపు ఆగుతుంది, మళ్లీ వస్తుంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, గుడ్డతో తుడిచి, పెట్టెలో సిలికా జెల్ సంచి వేసి పెట్టుకోండి. వెనకటి క్రిస్టల్ మైకులు ఇక్కడ నిలవకపోవడానికి కారణం కూడా తడే. వాటిలో వాడిన రోషెల్ సాల్ట్ స్ఫటికం తడి పీల్చుకుని పాడవుతుంది. డైనమిక్ మైకులు వచ్చాకే తీరంలో మైకులు బతికాయి.

1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత దివిసీమ నుంచి సముద్రపు నీళ్లలో మునిగిన రేడియోలూ సెట్లూ వచ్చేవి. మనుషులే పోయిన ఇళ్లలోంచి మిగిలిన వస్తువులవి. వార్తలకు రేడియో కావాలి, వాటిని పక్కన పడెయ్యడానికి చెయ్యి వచ్చేది కాదు. ఉప్పునీటిలో మునిగినదాన్ని అలాగే ఆరబెడితే నీరు పోతుంది, ఉప్పు మిగులుతుంది. ముందు మంచినీళ్లతో బాగా కడగాలి, తర్వాత రోజుల తరబడి ఆరాలి, ఆ తర్వాతే కరెంటు. అలా చేసినా ట్రాన్స్‌ఫార్మర్ చుట్ల లోపలికి ఉప్పు దిగితే ఎన్నాళ్లకో అక్కడ రాగి పచ్చబడి తెగేది. తుపాను నీళ్లు తగిలిన సెట్టుకు ఈనాటికీ ఇదే పద్ధతి.

8. రెండు ఎర్తులు కలిస్తే లూపు.

ఇప్పటి కార్యక్రమాల్లో హమ్ముకు ఇదే పెద్ద కారణం. సెట్టు వేదిక దగ్గర ఒక ప్లగ్గులో, మిక్సర్ జనం వెనకాల ఇంకో ఇంటి ప్లగ్గులో ఉంటాయి. రెంటికీ వేరువేరు ఎర్తులు, వాటి మధ్య ఆడియో కేబుల్ షీల్డు. ఎర్తుల మధ్య ఉన్న చిన్న వోల్టేజీ తేడాకు ఆ షీల్డులో కరెంటు పారుతుంది, హమ్ము అవుతుంది. ఏ పరికరాన్ని విడిగా చూసినా బాగానే ఉంటుంది. కలిపితేనే గోల.

అన్నిటికీ ఒకే బోర్డు నుంచి కరెంటు ఇవ్వండి, చాలాసార్లు దీంతోనే పోతుంది. కుదరకపోతే ఆడియో లైన్లో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి. బ్యాలెన్స్‌డ్ కేబుల్ అయితే షీల్డును ఒక కొసనే కలిపి రెండో కొస వదలొచ్చు. ల్యాప్‌టాప్ వల్లనైతే చార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపి చూడండి, ఆగిపోతే కారణం తెలిసిపోయినట్టే. వదలగలిగింది ఆడియో షీల్డును మాత్రమే. కరెంటు ప్లగ్గు ఎర్తును కాదు. దాని గురించి పదో అంశంలో చెబుతాను.

9. పరికరం మారినా వరస మారదు.

అమెరికాలో ఉన్న మా చుట్టాలబ్బాయి ఒక పాత పిన్‌బాల్ మిషన్ కొన్నాడు. ఏటవాలు బల్ల, పైన అద్దం, స్ప్రింగుతో ఉక్కు గుండును తన్నితే అది దీపాలనూ గంటలనూ కొట్టుకుంటూ కిందికొచ్చే ఆట. 1970ల చివరి నుంచి వాటిలో ఎలక్ట్రానిక్ శబ్దాలు, స్పీకరూ వచ్చాయి. ఆ స్పీకర్ ఆట లేనప్పుడు కూడా హమ్ము పెడుతోందని ఫోన్ చేశాడు. ఆ మిషన్ నేను కంటితో చూడలేదు. అయినా వాల్యూమ్ తగ్గించి చూడమన్నాను, హమ్ము తగ్గలేదు. అక్కడ కరెంటు 60 హెర్ట్జ్, కాబట్టి ఫిల్టర్ పోతే 120 పలకాలి. ఫోన్‌లో ఒక ట్యూనర్ యాప్ పెట్టుకుని చూశాడు, 120 దగ్గరే నిలిచింది. దశాబ్దాల నాటి ఫిల్టర్ కండెన్సర్లు మార్చి, పెట్టె లోపల ఊడిన ఎర్తు పట్టీ మళ్లీ బిగిస్తే ఆగిపోయింది. మన అహూజా సెట్టయినా, ఎక్కడో ఆడుకునే మిషనైనా హమ్ము పుట్టేచోట్లు అవే.

10. ఎర్తు పిన్ను విరవొద్దు.

హమ్ము వస్తే ప్లగ్గు పైనున్న లావుపాటి పిన్ను విరిచెయ్యడం, లేదా లోపల ఎర్తు తీగ పీకెయ్యడం మన వైపు పెద్ద అలవాటు. నిజమే, లూపు తెగి హమ్ము ఆగుతుంది. పక్కనున్నవాళ్లు మెచ్చుకుంటారు కూడా. కానీ ఇప్పుడా సెట్టు లోపల ఎప్పుడైనా ఫేజు తీగ బాడీకి తగిలితే ఆ కరెంటు పోవడానికి దారి లేదు. బాడీ నుంచి మైకు వైరు షీల్డు, షీల్డు నుంచి మైకు జాలీ, స్టాండు. స్టాండు పట్టుకున్న మనిషి వట్టి కాళ్లతో నిలబడి ఉంటాడు. మన నేల డెల్టా నేల, వానాకాలం కార్యక్రమమైతే కాళ్ల కింద బురదే. కరెంటుకు కావలసిన దారి ఆ మనిషే అవుతాడు. భక్తితో చెప్పులు విప్పి మైకు పట్టుకున్న పూజారి, చిన్నపిల్ల, ఊరి పెద్ద, ఎవరైనా కావచ్చు.

ఎర్తు ఉంటే అదే తప్పుకు ఫ్యూజు పోతుంది, లేదా బ్రేకర్ పడుతుంది. కార్యక్రమం ఆగుతుంది, మనిషి మిగులుతాడు. అందుకే ఎర్తు తీసి హమ్ము ఆపినవాడికి పని వచ్చని నేను ఒప్పుకోను.

ఎర్తు ఉంటే చాలదు, పని చెయ్యాలి. తడి నేల, ఉప్పు నేల ఎర్తుకు మంచివే, కానీ అదే ఉప్పు జీఐ పైపును తినేస్తుంది. పైన నట్టు బాగున్నట్టే కనిపిస్తుంది, లోపల పైపు తుప్పుపట్టి ఉంటుంది. గుడివాడ వైపు నల్లనేల ఎండాకాలం బీటలు తీసి పైపును వదిలేస్తుంది, అప్పుడు గుంటలో నీళ్లు పొయ్యాలి. ఫేజుకూ ఎర్తుకూ మధ్య 100 వాట్ల బల్బు పెట్టి పూర్తి వెలుగు వస్తోందో చూడటం పాత పరీక్ష. అది చేసేముందు ఆ ఎర్తు మీదున్న పరికరాలన్నీ పీకెయ్యాలి, వాటిని ఎవరూ ముట్టుకోకూడదు. ఎర్తు బాగా లేకపోతే ఆ నిమిషంలో వాటి బాడీలన్నిటికీ కరెంటు ఎక్కుతుంది. కరెంటు లీకైతే సప్లై తెంచే 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ ఉన్న బోర్డులో అయితే బల్బు పెట్టగానే అది పడిపోతుంది, పడాలి కూడా. కార్యక్రమాలకు తిప్పే ప్రతి బోర్డులో ఆ ఆర్‌సీసీబీ ఒకటి పెట్టించండి. ఒక రాత్రి అద్దెతో పోలిస్తే దాని ఖరీదు పెద్దది కాదు.

పాత వాల్వు రేడియోల్లో ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ఛాసీకే నేరుగా కరెంటు తగిలే రకాలున్నాయి. వాటి నుంచి వైరు లాగి సెట్టుకు కలపాలని ఎవరైనా అడిగితే కుదరదని చెప్పండి.

11. మైకు ఇచ్చే ముందు మీటర్.

సెట్టు అంతా పెట్టి, స్విచ్చి వేశాక, మైకు ఎవరి చేతికీ ఇవ్వకముందు ఈ పని చెయ్యండి. పందిరి పక్కన తడి నేలలో ఒక పెద్ద మేకు గుచ్చండి. మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల మీద పెట్టి, ఒక కొస మేకుకు, ఇంకో కొస మైకు జాలీకి ఆనించండి. డిజిటల్ మీటర్ ఒక్కోసారి ఉత్తుత్తి వోల్టేజీ కూడా చూపిస్తుంది. అందుకని పైన చెప్పిన 10 కె రెసిస్టర్‌ను ఆ రెండు కొసల మధ్య కలిపి చూడండి. అప్పుడు ఒకటి రెండు వోల్టులకు పడిపోతే భయం లేదు. పదుల్లో నిలబడితే మాత్రం మెయిన్ ఆపి, తప్పు దొరికేదాకా కార్యక్రమం మొదలుపెట్టొద్దు, ఎంత పెద్దవాళ్లు తొందరపెట్టినా సరే.

కమిటీల వాళ్లకు ఒక విన్నపం. ఈసారి సెట్టు మాట్లాడుకునేటప్పుడు ఎన్ని బాక్సులు, ఎన్ని వాట్లు అని అడిగే ముందు ప్లగ్గు చూపించమనండి. మూడు పిన్నులూ లేకపోతే ఆ సెట్టు తీసుకోవద్దు.